తూకం తప్పని గుండు – అక్బర్ పాదుషా జీవితంలో మనం చదవని పుట

అక్బర్ పాదుషా అనగానే మన తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి బీర్బల్ కథలు. ఆ తర్వాత సినిమాలు. 1955 నాటి ‘అనార్కలి’లో ఎస్.వి. రంగారావు గారు, 1979 నాటి ‘అక్బర్ సలీం అనార్కలి’లో ఎన్.టి. రామారావు గారు అక్బర్ వేషం కట్టారు. ఆ కిరీటం, ఆ నగలు, ఆ గంభీరమైన నడక చూసి చూసి, పాదుషా అంటే సింహాసనం మీద కూర్చుని హుకుం జారీచేసే మనిషి అనే అనుకోవడం మనకు అలవాటైపోయింది. కార్ఖానాలో కొలిమి పక్కన నిలబడి, తుపాకి గొట్టం పొడవెంత, దానిలో పట్టే గుండు తూకమెంత అని ఆరా తీసే అక్బర్ మన కంట పడలేదు. ఈ ఏడు సావనీరులో ఆ అక్బర్‌ని మన సోదర సోదరీమణుల ముందుకు తేవాలని మా సంకల్పం.

ఒక మాట ముందే చెప్పుకుంటాం. మతం విషయంలో అక్బర్ నడిచిన దారి గురించి ఆనాటి ఉలమాలకే అభ్యంతరాలుండేవి. ఈనాటికీ ఉన్నాయి. ఆ చర్చకు ఇది చోటు కాదు. మనం ఇక్కడ చూడబోయేది ఆయన పనిని చూసిన తీరు మాత్రమే.

తాతగారి కొలిమి

జలాలుద్దీన్ ముహమ్మద్ అక్బర్ 1542 అక్టోబర్ 15న సింధులోని ఉమర్‌కోటలో పుట్టారు. తండ్రి హుమాయూన్ అప్పటికి రాజ్యం పోగొట్టుకుని దేశదిమ్మరిగా తిరుగుతున్నారు. తల్లి హమీదా బాను బేగం. పిల్లవాడికి ఒకరి తర్వాత ఒకరుగా ఎందరో ఉస్తాదులను పెట్టినా చదువు అబ్బలేదు. గుర్రాలు, పావురాలు, వేట, ఇవే ఆయన పాఠాలు. 1556 జనవరిలో హుమాయూన్ తన గ్రంథాలయం మెట్ల మీదనుంచి పడి కాలం చేస్తే, ఫిబ్రవరి 14న కలనౌర్‌లో పదమూడేళ్ల అక్బర్‌ని తఖ్తు మీద కూర్చోబెట్టారు. అదే ఏడు నవంబర్ 5న రెండో పానిపట్టు యుద్ధం గెలిచారు.

తాత బాబర్ 1526లో మొదటి పానిపట్టు గెలవడంలో తుపాకుల, ఫిరంగుల పాత్ర పెద్దది. ఆ ఫిరంగుల మేస్త్రి ఉస్తాద్ అలీ కులీ. అదే ఏడు ఆగ్రాలో ఉస్తాద్ ఒక పెద్ద ఫిరంగి పోత పోస్తుండగా, అచ్చు నిండకముందే కొలుముల్లోంచి వచ్చే లోహం ఆగిపోయింది. పరువు పోయిందని ఆ ముసలి మేస్త్రి కరిగిన లోహంలో దూకేసేంత పని చేశాడట. బాబర్ ఆయనను ఓదార్చి, ఖిల్లత్తు కప్పి గౌరవించారు. ఒకటి రెండు రోజుల తర్వాత అచ్చు విప్పి చూస్తే గొట్టం చక్కగానే పోత పడింది. మందు కూరే అర ఒక్కటే మళ్లీ చేయాల్సి వచ్చింది. ఈ సంగతి బాబర్ స్వయంగా తన ఆత్మకథలో రాసుకున్నారు. పని చెడిందనుకుని ప్రాణం తీసుకోబోయిన ఉస్తాద్, ఆ ఉస్తాద్ భుజం తట్టిన పాదుషా. అక్బర్‌కు వారసత్వంగా వచ్చింది రాజ్యం ఒక్కటే కాదు, ఇదీ వచ్చింది.

సీసపు గుండు సంగతి

ఇప్పటి తుపాకుల్లో మందూ గుండూ కలిపి ఒకే తూటాగా వెనకనుంచి పెడతారు. ఆ రోజుల్లో అలా కాదు. మన పల్లెల్లో బర్మారు తుపాకి అంటారు చూడండి, ఆ రకం. గొట్టం మూతిలోంచి ముందు మందు పోయాలి, తర్వాత సీసపు గుండు వేయాలి, పొడవాటి కడ్డీతో దట్టించాలి, వత్తితో నిప్పు అంటించాలి. గుండు అంటే గుండ్రటి సీసపు ముద్ద, అంతే. కాని ఆ ముద్ద చేయడంలోనే ఉంది విద్యంతా.

సీసం మెత్తటి లోహం. 327 డిగ్రీల వేడికే కరుగుతుంది కనుక మామూలు కట్టెల పొయ్యి చాలు. ఇనుప మూకుడులో కరిగించి, పైన తేలిన తెట్టు తీసేసి, గంటెతో అచ్చులో పోయాలి. అచ్చు రెండు చెక్కలుగా ఉంటుంది, పైన చిన్న రంధ్రం. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి. మరీ కాలితే పైన గరుకు తేలుతుంది. అచ్చులో చెమ్మ ఏమాత్రం ఉన్నా సీసం పేలి మొహం మీదికి చిమ్ముతుంది. సీసం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కనుక, రంధ్రం పైన ఇంకొంచెం సీసం నిలిచేలా పోయాలి, లోపల లోటు పడ్డ చోటికి అది దిగాలి. ఆ కాస్త పోయకపోతే గుండు నడిమధ్యలో బొయ్యారం మిగిలిపోతుంది. తర్వాత అచ్చు విప్పి, పైన తోకలా మిగిలిన ముక్కను కోసి నున్నగా చేయాలి. పొగ పీల్చకూడదు, పని అయ్యాక చేతులు కడగకుండా అన్నం ముట్టకూడదు. సీసం నెమ్మదిగా ఎక్కే విషం.

ఇక్కడొక విశేషం గమనించాలి. లోపల బొయ్యారం ఉన్న గుండు పైకి చూస్తే మచ్చ లేకుండా మెరుస్తూ ఉంటుంది. కంటికి దొరకదు, వేలికి దొరకదు. బరువు ఒక పక్కకే ఒరిగిన ఆ గుండు గాలిలో వంకర పోతుంది. దాన్ని పట్టిచ్చేది ఒక్క తక్కెడే. అలాగే గుండు వ్యాసంలో పదో వంతు తగ్గితే తూకంలో నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది. అంటే కంటికి ఆనని తేడాను కూడా తక్కెడ పెద్దది చేసి చూపిస్తుంది. అందుకే ఈ విద్య తెలిసినవాళ్లు పోసిన ప్రతి గుండునూ తూచి, తేలినవాటిని మళ్లీ మూకుడులో పడేస్తారు. సీసం వృథా కాదు, మళ్లీ కరుగుతుంది. వృథా అయ్యేది బద్ధకించిన మనిషి పేరే.

ఇంకొకటి. గుండు గొట్టానికి సరిపోవాలి. లావైతే దిగదు. బలవంతంగా దిగగొడితే మధ్యలో ఇరుక్కుని గొట్టం పగలవచ్చు. సన్నమైతే మందు మంట పక్కనుంచి జారిపోయి దెబ్బ నీరసిస్తుంది, గుండు గొట్టం గోడలకు అటూ ఇటూ కొట్టుకుంటూ పోయి గురి తప్పుతుంది. గొట్టాలన్నీ చేత్తో సుత్తె మీద చేసిన కాలం. ఏ రెండింటి రంధ్రమూ ఒక్కటి కాదు. కాబట్టి ఈ తుపాకికి ఈ గుండే అని ముందే నిర్ణయించి ఉండాలి.

పాదుషా కార్ఖానా

సరిగ్గా ఈ పనిని అక్బర్ ఒక పద్ధతిలో పెట్టించారు. అబుల్ ఫజల్ తన ‘ఆయినె అక్బరీ’లో ఇదంతా వివరంగా రాసిపెట్టాడు. ఆస్థాన చరిత్రకారుడు కనుక పొగడ్త పాలు ఎక్కువే. ఆ పొగడ్తను పక్కకు తీసేసినా మిగిలే పనివివరం మాత్రం అచ్చమైనది.

అంతకుముందు ఇనుప రేకును వంచి అంచుకు అంచు అతికి గొట్టం చేసేవారు. మందు నాలుగో వంతు మించి పోస్తే గొట్టం పగిలి కాల్చేవాడికే ప్రమాదం. అక్బర్ కార్ఖానాలో రేకును ఏటవాలుగా చుట్టలా చుట్టి, ఒక పొర అంచు మరో పొర మీదికి వచ్చేలా పెట్టి, మెల్లగా కాల్చి అతికేవారు. అలా చేసిన గొట్టం మూతిదాకా మందు నింపి కాల్చినా పగలలేదని అబుల్ ఫజల్ రాశాడు. పెద్ద తుపాకి రెండు గజాల పొడవు, చిన్నది గజంపావు. చిన్నదాన్ని దమానక్ అనేవారు. ఉస్తాద్ కబీర్, హుసేన్ అనే ఇద్దరు మేస్త్రిల పేర్లు ఆ గ్రంథంలో చేరాయి. రాజుల పేర్లతో నిండిన పుస్తకంలో కమ్మరుల పేర్లు రెండు ఉండటం చిన్న సంగతి కాదు.

గొట్టం అడుగు మూయకముందే దాని మీద ఇనుము బరువు, పొడవు అంకెల్లో చెక్కేవారు. ఈ దశలో దాని పేరు ‘దౌల్’. అప్పుడది పాదుషా దగ్గరికి వెళ్లేది. అక్కడ దానికి తగిన గుండు తూకం నిర్ణయమయ్యేది. గమనించండి, తుపాకి ఇంకా తుపాకి కాలేదు, కట్టె లేదు, నగిషీ లేదు, కాని గుండు తూకం ఖరారైపోయింది. పెద్ద తుపాకికి 25 టంకులకు మించకూడదు, చిన్నదానికి 15 టంకులు. టంకుకు నాలుగు మాషాలని లెక్క వేసుకుంటే 15 టంకులంటే ఐదు తులాలు, 25 టంకులంటే ఎనిమిది తులాల పైచిలుకు. అంగుళం వ్యాసమున్న సీసపు గుండు దాదాపు అంత తూగుతుంది. అంత బరువు గుండు కాల్చే సాహసం పాదుషా ఒక్కరే చేసేవారట.

తర్వాత పరీక్షలు. గొట్టంలో మూడో వంతు మందు నింపి పాత కట్టెకు బిగించి కాల్చేవారు. తట్టుకుంటే మూతి పని పూర్తిచేసి మళ్లీ పరీక్ష. గుండు తిన్నగా పోకపోతే గొట్టాన్ని కాల్చి, లోపల కడ్డీ పెట్టి వంకర తీసి, ఆకురాయి పనివాడికి అప్పగించేవారు. తయారైన తుపాకి మీద ముడి ఇనుము ఎంత, పని అయ్యాక మిగిలినది ఎంత, ఇనుము ఎక్కడిది, చేసినవాడెవడు, ఎక్కడ చేశాడు, ఏ తేదీ, ఎన్నో నంబరు – ఇన్నీ రాయించేవారు. తప్పు దొర్లితే ఎవరి చేతిలో దొర్లిందో దాచడానికి వీల్లేదు. మంచి జరిగితే ఆ పేరూ మాసిపోదు.

సాదా తుపాకి సిద్ధమయ్యాక దానితోపాటు ఐదు గుండ్లు లోపలికి పంపేవారు. పాదుషా స్వయంగా కాల్చి చూసి, ఐదో గుండును తుపాకితో సహా వెనక్కి పంపేవారు. రంగు వేశాక మళ్లీ ఐదు గుండ్లు, మళ్లీ నాలుగు కాల్చడం, మళ్లీ ఐదోది వెనక్కి. ఎందుకు వెనక్కి పంపేవారో అబుల్ ఫజల్ చెప్పలేదు. మాకు తోచింది ఇది: ఆ ఐదో గుండు ఆ తుపాకికి మచ్చు. ఇకమీద పోసే గుండ్లన్నీ దానితో సరితూగాలి. మూతికీ మడమకూ బంగారు తాపడం వంతు ఈ పరీక్షలు నెగ్గాకే. ముందు పని, తర్వాత అలంకారం.

తుపాకులు శుభ్రం చేయడానికి ఒక చక్రం కూడా తయారైంది. పశువును కట్టి తిప్పితే ఒకేసారి 16 గొట్టాలు లోపల శుభ్రపడేవి. అంతకుముందు బలమైన మనిషి ఒక్కో గొట్టం దగ్గర చాలాసేపు కష్టపడాల్సి వచ్చేది. ఈ చక్రాన్ని పాదుషా కల్పనగా అబుల్ ఫజల్ రాసినా, ఇందులో మీర్ ఫతహుల్లా షీరాజీ చేయి ఉందని చరిత్రకారులు భావిస్తారు. ఈ పండితుడు మన దక్కను మీదుగా వెళ్లినవాడే. బీజాపూరు ఆదిల్‌షాహీ దర్బారులో ఉండి, 1583లో అక్బర్ కొలువుకు చేరి, 1589లో కాశ్మీరులో కన్నుమూశారు.

ఆనాడు సర్కారు కొలువులో 12,000 మంది బందూక్చీలు ఉండేవారు. మామూలు బందూక్చీ నెల జీతం 110 నుంచి 250 దాములు. 40 దాములు ఒక రూపాయి. అంటే ఆరు రూపాయల పావలా అందుకున్నవాడు పైమెట్టు కింద లెక్క. ఆ పేద సిపాయి ప్రాణం ఎవరో కార్ఖానాలో పోసిన గుండు నాణ్యత మీద ఆధారపడి ఉండేది. మా దృష్టిలో ఈ కట్టుబాటు అంతటికీ అసలు విలువ అక్కడే ఉంది.

లెక్కల పుస్తకం

వేలాది తుపాకుల్లోంచి 105 తుపాకులను పాదుషా సొంతానికి ఏరి పెట్టుకున్నారు. నెలకొకటి, వారానికొకటి, రోజుకొకటి చొప్పున వంతులు. మొదటి నెల ఫర్వర్దీన్‌లో వాడే తుపాకి పేరు ‘సంగ్రామ్’. ఏ తుపాకితో ఏ జంతువు పడిందో గుమాస్తాలు రాయాలని ఆజ్ఞ. ఆ చిట్టా ప్రకారం సంగ్రామ్‌తో పడినవి 1,019. కొడుకు జహంగీర్ తన జ్ఞాపకాల్లో మూడు నాలుగు వేలు అని రాశారు. గ్రంథం పూర్తయ్యాక కూడా తండ్రి కొన్నేళ్లు బతికిన మాట నిజమే, కాని కొడుకు ప్రేమతో చెప్పే లెక్కకూ గుమాస్తా రాసే లెక్కకూ ఉండే తేడా కూడా ఇందులో కనిపిస్తుంది. వెయ్యి అనో పదిహేను వందలనో గుండ్రంగా వేయకుండా 1,019 అని రాసిన ఆ గుమాస్తా ఎవరో గాని, మా సలాములు.

1580లో ఫతేపూర్ సిక్రీకి వచ్చిన జెసూట్ పాద్రీ మాన్సెరాతే కూడా పాదుషా తరచు కార్ఖానాలకు వెళ్లేవారనీ, ఆయుధాల తయారీ చూస్తూ సేద తీరేవారనీ రాశాడు. అక్షరం రాని మనిషి గ్రంథాలయంలో 24,000 పుస్తకాలు ఉండేవి. రోజూ చదివించుకుని వినేవారు. కాగితం మీద చదవలేనిదాన్ని పని చూసి చదువుకున్నారు.

చిత్తోడు, భేరా

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మేము తక్కెడకు ద్రోహం చేసినట్లే. తూకం తప్పని గుండు ఎక్కడికి పోయిందన్నది కూడా చెప్పాలి.

1567 అక్టోబరులో అక్బర్ చిత్తోడు కోటను ముట్టడించారు. నెలలు గడిచాయి. 1568 ఫిబ్రవరిలో ఒక రాత్రి బద్దలైన గోడ దగ్గర, ఇనుప కవచం తొడుక్కుని మరమ్మతు చేయిస్తున్న ఒక సర్దారు కనిపించాడు. ఎవరో తెలియదు. పాదుషా సంగ్రామ్ ఎత్తి కాల్చారు. గుండు తగిలిందని చేతికి తెలిసిపోయిందట. కొంతసేపటికి కోటలో మంటలు లేచాయి. పడినవాడు కోటకు నాయకుడు జైమల్ రాథోడ్. ఆ మంటలు జౌహర్ మంటలు, స్త్రీలు ఆహుతైన మంటలు. తెల్లవారి కోటలో దాదాపు 30,000 మంది హతులయ్యారని ఆస్థాన చరిత్రకారుడే రాశాడు. వారిలో సిపాయిలు మాత్రమే కాదు, కోటలో తలదాచుకున్న రైతులూ ఉన్నారు. మొక్కు ప్రకారం పాదుషా కాలినడకన అజ్మీరు ఖ్వాజా సాహెబ్ దర్గాకు బయల్దేరారు. కాని ఆ 30,000 మంది లెక్క చరిత్రలో అలాగే నిలిచిపోయింది. గుండు సరిగ్గానే పోయింది. హుకుం సరైనది కాదు. చేతి నైపుణ్యం మనిషిని మంచివాడిగా చేయదు, మంచితనం వేరుగా నేర్చుకోవాల్సిందే.

ఆయన నేర్చుకున్నారా? పూర్తిగా అని చెప్పలేం. 1564లో జిజియా ఎత్తేసిన పాదుషాయే నాలుగేళ్లకు చిత్తోడులో ఆ పని చేశారు. 1575లో ఇబాదత్‌ఖానా కట్టించి రకరకాల పండితుల మాటలు వినడం మొదలుపెట్టారు. 1578లో పంజాబులోని భేరా దగ్గర పెద్ద వేట ఏర్పాటైంది. జంతువులను చుట్టూ తరిమి ఒకచోట చేర్చారు. కాల్చడమే తరువాయి. ఆ క్షణాన పాదుషా మనసుకు ఏమైందో, వేట ఆపేయమన్నారు. చిన్న పిట్టనైనా ముట్టకూడదని, అన్నిటినీ వదిలేయమని ఆజ్ఞ. అప్పటికి ఆయన వయసు 35. దేశంలో మేటి గురికాడు తుపాకి దించిన రోజది. ఆ తర్వాత యుద్ధాలు మానలేదు, వేటా పూర్తిగా మానలేదు. కాని మాంసాహారం తగ్గించుకున్నారు, జీవహింసకు దూరంగా ఉండాల్సిన రోజులు పెట్టారు.

ఆయన సేనలు దక్కనుకూ వచ్చాయి. 1595-96లో అహమ్మద్‌నగర్ కోటను చాంద్ బీబీ కాపాడింది. గుండ్లు అయిపోతే రాగి, వెండి, చివరకు బంగారం కూడా కరిగించి గుండ్లు పోయించిందని దక్కనులో ఒక కథ ఉంది. కథే కావచ్చు. కాని గుండు పోయడమంటే ఏమిటో ఇంటింటికీ తెలిసిన కాలం కనుకనే అలాంటి కథ పుట్టింది. 1600లో ఆమె హత్య తర్వాత కోట మొఘలుల వశమైంది. 1605 అక్టోబర్ 27న అక్బర్ ఆగ్రాలో పరమపదించారు. సికందరాలో ఆయన సమాధి ఉంది.

మనకేమిటి?

తుపాకులతో మనకు పని లేదు, ఉండకూడదు కూడా. మనకు పనికొచ్చేది ఆ తక్కెడ. కొలతల్లో తూకాల్లో మోసం చేసేవారి గురించి పవిత్ర ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ అని ఒక సూరాయే ఉంది. మనం దాన్ని కిరాణా కొట్టుకే పరిమితం చేసుకున్నాం. లేత్ మెషిన్ దగ్గర అరనూలు తేడా వచ్చినా పర్వాలేదులే అని వదిలేయడం, వెల్డింగ్ పైన మెరిపించి లోపల బొయ్యారం వదలడం, ఇవి కూడా తక్కువ తూకాలే. పైకి మెరిసే బోలు గుండు లాంటివి. అడిగేవాడు లేడు కదా అనుకుంటాం. పని తప్పినరోజు నష్టపోయేది ఎవరో పేదవాడు.

మన సంఘాలు చదువుకునే పిల్లలకు ఉపకార వేతనాలు ఇస్తున్నాయి. సంతోషం. బడి మానేసి మెకానిక్ షెడ్డులోనో, వడ్రంగి దగ్గరో, కుట్టు మిషన్ ముందో కూర్చున్న కుర్రాడు కూడా మన బిడ్డే. వాడికి చదువు రాలేదని చిన్నచూపు చూడకండి. అక్షరం రాని ఒక పిల్లవాడు హిందుస్థాన్‌ను దాదాపు 50 ఏళ్లు ఏలాడు. ఏటా అలాంటి పదిమంది కుర్రాళ్లకైనా మంచి కొలత పరికరాలు కొనిపెట్టి, ఒక్కొక్కరిని ఒక ఉస్తాద్ చేతిలో పెట్టమని మన సభ్యులకు మనవి చేస్తున్నాం. తాము చేసిన వస్తువు మీద తమ పేరు రాసుకునే ధైర్యం వాళ్లకు రావాలి.

మన చేతులకు నైపుణ్యాన్ని, ఆ చేతులను నడిపే మనసుకు దయను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.